తాగుడు జబ్బే.. ఆ మాట మన భాషలో చెబుదాం

పాతపాళ్య, చేలూరు, బాగేపల్లి వైపు బళ్లలో పనిచేసే ఉపాధ్యాయులకు ఇలాంటి పిల్లలు బాగా తెలుసు. హోంవర్క్ చేసుకురారు. మొదటి పీరియడ్‌లోనే కునుకు తీస్తారు. తల్లిదండ్రుల సమావేశం అనగానే "మా నాన్న ఊళ్లో లేడు సార్" అంటారు. చదువు మీద శ్రద్ధ లేదని రాసేయడం తేలిక. కానీ అర్ధరాత్రి దాకా ఇంట్లో అరుపులు, గిన్నెల మోత ఉంటే ఏ పిల్లాడికి నిద్ర పడుతుంది?

తాగుడు గురించి మన ఊళ్లలో రెండే మాటలు వినిపిస్తాయి. ఒకటి, వాడికి బుద్ధి లేదు. రెండు, ఆ ఇంటి రాత అంతే. మూడో మాట ఒకటుంది. అది జబ్బు, దానికి వైద్యం ఉంది. ఈ మూడో మాట ఇంటింటికీ చేరాలి. చేర్చడానికి బడికంటే మంచి చోటు లేదు.

పాఠం కదిలించిన ఊరు

చదువుకూ తాగుడుకూ ఏం సంబంధం అనుకునేవారు నెల్లూరు జిల్లా దూబగుంటను గుర్తు చేసుకోవాలి. అక్షరదీపం కార్యక్రమంలో అక్కడి ఆడవాళ్లు రాత్రిబడిలో అక్షరాలు దిద్దారు. వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉంది. అది తమ కథే అని వాళ్లకు తోచింది. 1992లో రోసమ్మ ముందు నిలబడగా ఊళ్లో సారా అంగడి మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993లో ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. వాళ్ల చేత ఆ పని చేయించింది తమ భాషలో, తమ బతుకు గురించి చదువుకున్న ఒక్క పాఠం.

అయితే 1997లో మద్య నిషేధాన్ని ఎత్తేశారు. మన కర్ణాటకలోనూ 2007 జులైలో ప్యాకెట్ సారాయిని నిషేధించారు. ప్యాకెట్ పోయింది, క్వార్టర్ వచ్చింది. అంగడి మూస్తే తాగేవాడికి సరుకు దొరకడం కష్టమవుతుంది. అది మంచిదే. కానీ అప్పటికే ఒళ్లు తాగుడుకు అలవాటు పడిన మనిషి ఇంట్లోనే ఉంటాడు. అతనికి కావలసింది వైద్యం.

ఒట్టు ఎందుకు నిలవదు?

మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టనివాడు మాల తీసిన వారానికే మళ్లీ మొదలుపెట్టడం మనం చూస్తుంటాం. పిల్లల తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసినవాడు సాయంత్రానికి తప్పుతాడు. అతనికి పిల్లల మీద ప్రేమ లేదని కాదు. ఏళ్ల తరబడి తాగితే మెదడు పనిచేసే తీరే మారుతుంది. మానాలన్న కోరిక నిజమే, కానీ తాగాలన్న యావ దానికంటే బలంగా ఉంటుంది. మాల రోజుల్లో చుట్టూ తోటి స్వాములు, నియమం, పని ఉంటాయి. మాల తీశాక అవేవీ ఉండవు. కోలుకోవడానికి కావలసింది అలాంటి తోడే, రోజూ, చాలాకాలం పాటు.

1935లో అమెరికాలో ఒక స్టాక్ బ్రోకరు, ఒక డాక్టరు కలిసి ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంఘం మొదలుపెట్టారు. ఇద్దరూ తాగుడుతో చితికినవారే. మానాలనుకునేవారు కలిసి కూర్చుని మాట్లాడుకోవడమే అక్కడ జరిగే పని. రుసుము లేదు, పేరు బయటపెట్టరు. మన దేశంలోనూ ఈ సంఘాలు ఉన్నాయి.

రెండు జాగ్రత్తలు మాత్రం ప్రతి ఇంటికీ తెలియాలి. రోజూ ఎక్కువగా తాగేవాడు ఉన్నట్టుండి మానేస్తే రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, ఫిట్స్, మతి తప్పడం రావచ్చు. ప్రాణానికే ముప్పు. అందుకే డాక్టరు చూస్తుండగా మానాలి. రెండోది, తాగుడు మాన్పించే మందని చెప్పి అతనికి తెలియకుండా అన్నంలో ఏదీ కలపకూడదు. కొన్ని మందులు ఒంట్లో ఉండగా తాగితే ఆసుపత్రి పాలవుతారు.

వైద్యం ఎక్కడ?

నిమ్హాన్స్ అనగానే "పిచ్చాసుపత్రికి పోవాలా" అని జంకుతారు. అంత దూరం పోనక్కర లేకుండా చేసిన ప్రయోగం మన రాష్ట్రంలోనే జరిగింది. మనలాగే ఇంట తెలుగు, బయట కన్నడ మాట్లాడేవారు ఎందరో ఉన్న బళ్లారి జిల్లాలో 1985లో నిమ్హాన్స్ దాన్ని మొదలుపెట్టింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, మానసిక జబ్బులకు మందులు అక్కడే దొరికేలా చేసింది. ఆ నమూనాతోనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో నాలుగు జిల్లాల్లో మొదలైంది. వాటిలో మెదక్ ఒకటి. ఇప్పుడు కర్ణాటకలో మనోచైతన్య పేరుతో మంగళవారాల్లో తాలూకా ఆసుపత్రులకు మానసిక వైద్యులు వచ్చే ఏర్పాటు ఉంది. ఏ మంగళవారం వస్తారో ఆశా కార్యకర్తను గానీ ఆసుపత్రిలో గానీ ముందుగా అడిగి వెళ్లండి.

2017 మానసిక ఆరోగ్య చట్టం మద్యం, మత్తు మందుల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా జబ్బుల్లోనే చేర్చింది. చికిత్స వివరాలు గుట్టుగా ఉంచుకునే హక్కు రోగికి ఇచ్చింది.

భాష మనకు అసలు చిక్కు. ఆసుపత్రి చీటీ కన్నడలోనో ఇంగ్లిషులోనో ఉంటుంది. మనసులో బాధ మాత్రం తెలుగులోనే పొంగుతుంది. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. మత్తు మానడానికి సలహా ఇచ్చే జాతీయ సహాయవాణి 14446. పిల్లలకు ఆపద అయితే 1098.

బడి చేయగలిగింది

ఉపాధ్యాయుడు డాక్టరు కాడు, పంచాయితీ పెద్దా కాడు. తరగతిలో నలుగురి ముందు "మీ నాన్న తాగుతాడా" అని అడగకూడదు. విడిగా, మెల్లగా మూడు మాటలు చెబితే చాలు. ఇది నీ తప్పు కాదు. మీ నాన్నను మాన్పించే బాధ్యత నీది కాదు. కష్టమైనప్పుడు నాకు చెప్పుకోవచ్చు. ఇంట్లో దెబ్బలు తింటున్నారని తెలిస్తే మాత్రం గుట్టు అని ఊరుకోకుండా 1098కి చెప్పాలి.

తల్లులు ఒక్కరే వచ్చినప్పుడు, "అమ్మా, ఇది జబ్బు, దీనికి మందుంది, ఈ నంబరుకు తెలుగులోనే మాట్లాడండి" అని చీటీ చేతిలో పెట్టాలి. వెళ్లమని ఒత్తిడి చేయొద్దు. కొందరు ఆ చీటీని నెలల తరబడి పెట్టెలో దాచుకుని ఒక రోజు తీస్తారు.

మానినవాడు మళ్లీ తాగితే, "చూశారా, వీడు మారడు" అనకండి. షుగరు జబ్బు వాడికి షుగరు పెరిగితే వైద్యం ఆపుతామా? మళ్లీ ఆసుపత్రికి పంపుతాం. ఇదీ అంతే.

వచ్చే ఎస్‌డీఎంసీ సమావేశంలో పది నిమిషాలు ఈ విషయానికి ఇవ్వండి. ఆశా కార్యకర్తను పిలిచి తెలుగులో మాట్లాడించండి. బడి గోడ మీద ఆ మూడు నంబర్లు, వాటి పక్కన దేనికోసమో తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయించండి. పిల్లలు చదివి ఇంట్లో చెబుతారు.