గోదావరి కొలతలో భద్రాద్రి

వానకాలమున ప్రాంతీయ వార్తలలో “భద్రాచలము వద్ద గోదావరి ఇన్ని అడుగులు” అను మాటను శ్రోతలు వినియే యుందురు. యాత్రికులలో పెక్కుమంది నదిలో మునిగి, స్వామిని సేవించి, సాయంకాలమునకే బస్సెక్కుదురు. అది తప్పని మేమనము. కాని ఈ యూరిని ఆ అడుగుల లెక్కతో చూచిన అనేక విషయములు తెలియగలవు.

ఇచ్చట నీరు 43 అడుగులు ముట్టినచో మొదటి హెచ్చరిక. 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చెను. ఆ పిదప కరకట్ట కట్టిరి. 2022 జూలైలో మరల 71 అడుగులు దాటగా, కట్ట యున్నను పల్లపు కాలనీలలోనికి నీరు రాక మానలేదు. దిగువన పోలవరము నిండిన పిదప నీరు వెనుకకు తన్నునేమో యను దిగులు ఊరివారికి నేటికిని కలదు. ఆలయము గుట్టపై నేల యున్నదో వేఱుగ చెప్పనక్కరలేదు గదా!

సీతమ్మను తొడపై నిడుకొన్న చతుర్భుజ రాముని దర్శనము అన్యత్ర అరుదు. పుట్టలోని విగ్రహములను మొదట కనుగొని, పందిరి వేసి, తాటిపండ్లు నివేదించినది పోకల దమ్మక్క యని ఐతిహ్యము. గుడి కట్టించినవాడు తానీషా కాలమున పాల్వంచ పరగణా తహశీల్దారుగా నుండిన కంచెర్ల గోపన్న. సర్కారు సొమ్ము వెచ్చించినందులకు ఆయన గోలకొండ చెఱలో మ్రగ్గెను. ఆయన చేయించిన చింతాకు పతకము నేటికిని పదిలముగ నున్నది. రామదాసు నెఱుగనివారు లేరు; దమ్మక్క పేరు తలచువారు తక్కువ. ఇది మాకు వెలితిగనే తోచును.

1965లో వంతెన ఏర్పడువఱకు ఖమ్మము వైపు నుండి వచ్చువారికి పడవలే దిక్కు. అంతకు ముందే, 1959లో, ఈ తాలూకా తూర్పుగోదావరి నుండి ఖమ్మము జిల్లాలో చేరెను. 2014లో ఊరు తెలంగాణలో నిలిచినది, చుట్టుపట్ల పల్లెలు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. జటాయువు పడిన చోటని చెప్పు ఎటపాకయు, వేసవిలో ఏటి యిసుక త్రవ్విన వేడినీరు ఊరు గుండాలయు అటువంటివే. దుమ్ముగూడెము దారిన పోవువాడు పొలిమేర దాటి, కొంతదూరమునకే మరల తెలంగాణలో నడుగిడును.

దుమ్ముగూడెములో దొరల కాలపు ఆనకట్ట కలదు. గోదావరి మీదుగ మధ్యపరగణాల వఱకు పడవలు నడుపవలెనని తలపెట్టిన ఆ పనులు 1871లో ఆగిపోయినవి. యాత్రికులెవ్వరును దాని కడ నిలువరు. మేము మాత్రము చాలసేపు నిలిచితిమి.

అచ్చటి నుండి పర్ణశాల సమీపమే. సీతమ్మ నారచీర లారవేసినదని చూపు బండలు సీతవాగు కడ నున్నవి. వరద పెరిగినప్పుడు ఆ తావులు నీట మునుగును. కావున జూలై, ఆగస్టులలో బయలుదేరువారు ముందుగ వార్తలలో మట్టము విని బండి కట్టుట మేలు.