కుర్చీ ఎవరిది.. కూత్తు ఎవరిది?

* కళా సంస్థల వెనక కమిటీల కథ
* ఆటగాళ్లే సభ్యులైన కంచి సంఘం
* నాగరత్నమ్మ వీలునామాలో కీలక షరతు

కావేరిపాక్కం: ద్రౌపదమ్మ తిరునాళ్లు వచ్చాయంటే ఈ చుట్టుపక్కల పల్లెల్లో రాత్రిళ్లు నిద్ర ఉండదు. పగలు భారత ప్రవచనం, రాత్రి కూత్తు. మద్దెల మోగిందంటే తెల్లవారే దాకా ఆట సాగాల్సిందే. సరిహద్దు దాటి చిత్తూరు వైపు వెళితే ఇదే పండుగ ధర్మరాజుల గుడి ముందు ‘భారతం’గా జరుగుతుంది. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు. మట్టితో పడుకోబెట్టిన దుర్యోధనుణ్ని భీముడు చంపుతాడు. సాయంత్రం భక్తులు నిప్పులు తొక్కుతారు. ఇక్కడ తమిళం, అక్కడ తెలుగు. కథ ఒకటే, చూసే జనం తీరూ ఒకటే.

దుర్యోధనుడి వేషం ఎవరు బాగా కడతారంటే ఊళ్లో చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. అదే ఆ కళ పేరుతో విరాళాలు తీసుకునే సంఘంలో, ట్రస్టులో ఎవరెవరు ఉన్నారని అడిగితే పెద్దవాళ్లు కూడా ఆలోచనలో పడతారు. సొమ్ము ఎటు పోవాలి, బడి పెట్టాలా, ఆడపిల్లల్ని చేర్చుకోవాలా అని తేల్చేది మాత్రం ఆ కమిటీయే. ఆట ఎవరి చేతిలో ఉందో తెలియాలంటే కుర్చీల్లో ఎవరున్నారో చూడాలి. తెలుగువారికి దగ్గరైన మూడు సంస్థల చరిత్ర ఈ సంగతే చెబుతోంది.

ఆటగాళ్లే కూడి కట్టుకున్నది

2019లో వేలూరు నుంచి విడిపోయిన రాణిపేట జిల్లాలోది కావేరిపాక్కం. ఇక్కడి నుంచి కాంచీపురం వెళ్లి, అక్కడికి దగ్గర్లోని అయ్యంగార్‌కుళం దారి పడితే పుంజరసంతాంగల్ అనే పల్లె వస్తుంది. కట్టైక్కూత్తు సంఘం ఉన్నది అక్కడే. 1990లో దీన్ని మొదలుపెట్టింది జమీందార్లో, పట్నం పెద్దలో కాదు. రాత్రంతా వేషం కట్టి, దాని మీదే బతికే నటులు, వాద్యగాళ్లు.

వాళ్లను ఒక్కచోట చేర్చినవారిలో ముఖ్యులు పి.రాజగోపాల్. వంశపారంపర్యంగా కూత్తు ఆడే ఇంట్లో పుట్టి, బడి మానేసి చిన్నతనంలోనే తండ్రి జట్టులో వేషం కట్టారు. ఆయన భార్య హానె డి బ్రూయిన్‌ది నెదర్లాండ్స్. ఈ కళ మీద పరిశోధనకు వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆటగాడి అనుభవం ఒకరిది, కాగితాలు రాసే నేర్పు మరొకరిది. సంఘానికి రెండూ అక్కరకొచ్చాయి.

పేరు విషయంలోనే సంఘం పట్టుపట్టింది. బయటివాళ్లు దీన్ని ‘తెరుక్కూత్తు’ అంటారు. అంటే వీధి ఆట. ఆ మాటలో చిన్నచూపు ఉందని ఆటగాళ్ల బాధ. ప్రధాన వేషాలకు పెట్టే కిరీటం, భుజకీర్తులు తేలికపాటి కొయ్యతో చేస్తారు. తమిళంలో ‘కట్టై’ అంటే మన ‘కట్టె’ లాంటి మాటే. ఆ కొయ్య నగల పేరు మీదుగా ‘కట్టైక్కూత్తు’ అనే పేరునే సంఘం ఖాయం చేసుకుంది. తమను ఏమని పిలవాలో తామే చెప్పుకునే హక్కు, సంఘం చేతికొచ్చాకే వాళ్లకు దక్కింది.

రెండో మలుపు 2002లో వచ్చింది. ఆట నేర్చుకోవాలంటే చదువు వదులుకోవాల్సిందేనన్న పాత పద్ధతికి స్వస్తి చెబుతూ సంఘం గురుకులం తెరిచింది. పిల్లలకు అక్కడే బస, అక్కడే బడి, అక్కడే అడుగులు, పాట, మద్దెల, ముఖవీణ. మగవాళ్లే ఆడవేషాలు కట్టే ఈ ఆటలోకి ఆడపిల్లల్ని తీసుకోవడం పెద్ద నిర్ణయం. రాత్రివేళ ఊరూరా తిరిగే పని ఆడపిల్లకు ఎందుకనే మాట పల్లెల్లో తేలిగ్గా పోదు. అయినా బాలికలు కిరీటాలు పెట్టుకుని తెల్లవార్లూ ఆడారు. తర్వాతి కాలంలో ఈ కళాకారులు కర్ణాటక సంగీత విద్వాంసులు టి.ఎం.కృష్ణ, సంగీతా శివకుమార్‌లతో ఒకే వేదిక పంచుకున్నారు.

గురుకులం 2020లో మూతపడింది. పద్దెనిమిదేళ్లు బడి నడవడం ఎంత నిజమో, ఆగిపోవడమూ అంతే నిజం. మంచి సభ్యులున్నంత మాత్రాన సంస్థ కలకాలం నడవదు. ఏటేటా పోగుచేసుకోవాల్సిన డబ్బు మీద ఆధారపడ్డ ఏ కళాశాలకైనా ఈ గండం ఉంటుంది.

ఒక్క మహిళ.. ఒక్క వీలునామా

కావేరీ తీరాన తిరువయ్యారులో ఏటా పుష్య బహుళ పంచమినాడు త్యాగరాజ ఆరాధన జరుగుతుంది. వందలమంది ఒక్క గొంతుతో పాడేవి తెలుగు కీర్తనలే. సంస్కృతంలో ఉన్న ఒక్కటీ తప్ప పంచరత్నాలన్నీ మన భాషలోవే. ఆ సమాధి దగ్గర గుడి కట్టించింది బెంగళూరు నాగరత్నమ్మ. 1878లో పుట్టిన దేవదాసి, పేరున్న గాయని. ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను 1910లో అచ్చువేయించి, నిషేధాన్ని ఎదుర్కొన్నదీ ఆమే.

1920ల్లో సమాధి పాడుబడి ఉందని తెలిసి, జీవితమంతా పాడి కూడబెట్టింది అక్కడే ఖర్చుపెట్టారు. విచిత్రమేమంటే ఆరాధన నడిపే వర్గాల్లో ఆడవాళ్లకు చోటు లేదు. గుడి కట్టిన మనిషికే అక్కడ పాడే హక్కు లేదన్నమాట. ఆమె ఊరుకోలేదు. 1927లో మహిళల చేత వేరుగా ఆరాధన మొదలుపెట్టించారు. 1940 ప్రాంతంలో వర్గాలన్నీ ఒక్కటై, ఒకే సభ ఏర్పడ్డాక గానీ ఆ వేరుకుంపట్లు ఆరలేదు.

వర్గాలు కలిశాయి కదా అని నాగరత్నమ్మ ధీమాగా కూర్చోలేదు. 1949లో వీలునామా రాసి ఆస్తిని తన పేరిట ట్రస్టుకు అప్పగించారు. ఆరాధనలో మగవారితో సమానంగా ఆడవారికీ పాల్గొనే హక్కు ఉండాలన్నది అందులో గట్టి షరతు. 1952లో ఆమె కన్నుమూశారు. కమిటీలో మనుషులు మారతారు, మనసులూ మారతాయి. రాతలో ఉన్న షరతు మాత్రం వచ్చే ధర్మకర్తనూ కట్టిపడేస్తుంది. ఈ సంగతి గ్రహించిన మనిషి ఆమె.

సర్కారు చేతికి వెళితే..

మూడోది చెన్నై కళాక్షేత్ర. 1936లో రుక్మిణీదేవి అరండేల్ స్థాపించారు. ఆమె 1986లో పోయాక సంస్థను ఎవరు నడపాలన్న ప్రశ్న వచ్చింది. చివరికి పార్లమెంటు 1993లో చట్టం చేసి, జాతీయ ప్రాధాన్యం గల సంస్థగా ప్రకటించింది. పాలకమండలి కేంద్ర ప్రభుత్వ సాంస్కృతిక శాఖ కిందికి వచ్చింది. జీతాలకు, భవనాలకు భరోసా దొరికింది.

అయితే పాలకమండలి ఎంత పెద్దదైనా బాధ్యత తప్పదు. 2023లో లైంగిక వేధింపుల ఆరోపణలపై విద్యార్థులు ఆవరణలోనే బైఠాయించారు. విషయం రాష్ట్ర మహిళా కమిషన్ దాకా వెళ్లింది. ఆ తర్వాత పాలకమండలి విశ్రాంత న్యాయమూర్తి కె.కన్నన్ ఆధ్వర్యంలో విచారణ సంఘాన్ని వేసింది. ఫిర్యాదు చేయడానికి వచ్చిన పిల్ల గొంతు మండలి బల్ల దాకా చేరే దారి ముందే ఉండాలని ఆ ఘటన గుర్తుచేసింది.

మన ఊళ్లో పెట్టాలంటే..

కూత్తు జట్లు, భజన బృందాలు, జాతర కమిటీలు ఈ ప్రాంతంలో చాలా ఉన్నాయి. గుడియాత్తం గంగమ్మ జాతరకు ఎంత జనం వస్తారో చెప్పనక్కర్లేదు. వీళ్లలో ఎవరైనా సంస్థగా నమోదు కావాలంటే ప్రధానంగా రెండు దారులు.

ఒకటి సంఘం. తమిళనాడు సంఘాల నమోదు చట్టం 1975 ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి. పనులు నడిపే కమిటీలో ముగ్గురికి తగ్గకూడదు. కమిటీ గడువు మూడేళ్లకు మించదు. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టాలి, లెక్కలు చూపాలి. పని నచ్చకపోతే సభ్యులు కమిటీని మార్చుకోవచ్చు.

రెండోది ట్రస్టు. దస్తావేజు రాసి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరు చేయిస్తారు. ఇందులో దస్తావేజులో ఏం రాస్తే అదే శాసనం. జీవితాంతం ధర్మకర్తగా ఉండేలా కూడా రాసుకోవచ్చు. ఆస్తికి రక్షణ ఎక్కువ, మార్పుకు వీలు తక్కువ. దాతలకు పన్ను మినహాయింపు రావాలంటే ఆదాయపు పన్ను శాఖ దగ్గర విడిగా అనుమతి తీసుకోవాలి. విదేశీ విరాళాలకైతే కేంద్ర హోంశాఖ అనుమతి కావాలి. 2020 సవరణతో ఆ నిబంధనలు బిగిశాయి. కార్యవర్గ సభ్యుల ఆధార్ అడుగుతున్నారు. డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాకే రావాలి.

సంతకం పెట్టే ముందు..

పల్లె జట్టుకు ఈ కాగితాలన్నీ తలనొప్పే. అందుకే చదువుకున్నవారిని, డబ్బున్నవారిని అధ్యక్ష, కార్యదర్శి పదవుల్లో కూర్చోబెట్టి, ఆటగాడు వేషానికి పరిమితమవుతుంటాడు. తర్వాత గ్రాంటు వచ్చిందో లేదో, ఎంత వచ్చిందో అతనికి తెలియదు. చదువుకున్నవారి సాయం తీసుకోవడంలో తప్పులేదు. కంచి సంఘంలోనూ ఆ సాయం ఉంది. కాకపోతే అక్కడ సంఘం ఆటగాళ్లదే.

కొత్తగా సంస్థ పెట్టేవారు మూడు విషయాలు ముందే రాసుకుంటే మేలు. కమిటీలో ఆటగాళ్ల సంఖ్య ఎంతకు తగ్గకూడదు? ఆడవాళ్లకు ఎన్ని చోట్లు? లెక్కల పుస్తకం అడిగినవారికి ఎవరు చూపాలి? నాగరత్నమ్మలా వీటిని షరతులుగా దస్తావేజులోకే ఎక్కిస్తే, రేపు కుర్చీలో ఎవరు కూర్చున్నా వేషగాడి మాట చెల్లుతుంది.