కారు ఆయిలు: మనమే మార్చుకోవాలా, మేస్త్రీకి ఇవ్వాలా?

విద్యార్థి సంఘం వారు వ్యాసం కోసం వచ్చి, "మాష్టారూ, ఈసారి ఫిజిక్సు వద్దండీ, మాకు పనికొచ్చేది ఏదైనా వ్రాయండి" అన్నారు. పనికొచ్చేది అనగానే నాకు గుర్తుకొచ్చినది నా పాత కారు. అయితే అందులోనూ కొంత ఫిజిక్సు ఉంది, క్షమించాలి.

ముందుగా ఆయిలు చేసే పని ఏమిటో చూద్దాం. ఇంజనులో లోహం మీద లోహం నిమిషానికి వేల సార్లు కదులుతుంది. ఆ రెంటి నడుమ పల్చని పొరగా నిలిచి ఘర్షణను తగ్గించడం కందెన మొదటి పని. అంతటితో ఆగదు. వేడిని కొంత మోసుకుపోతుంది, మసిని తనలో కలుపుకుంటుంది, పిస్టన్ రింగుల దగ్గర సందులు మూస్తుంది, తుప్పు పట్టనివ్వదు.

డబ్బా మీద 10డబ్ల్యు-30 అని ఉంటుంది. డబ్ల్యు అంటే వింటరు. మొదటి అంకె చలిలో ఆయిలు ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది. రెండవది 100 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర దాని స్నిగ్ధత ఏ తరగతిదో చెబుతుంది. విశాఖలో మంచు పడదు గదా, మొదటి అంకెతో మనకేం పని అనుకోకండి. పొద్దున్నే బండి స్టార్టు చేసిన తొలి క్షణాల్లో ఆయిలు త్వరగా పైకి చేరితేనే ఇంజను అరుగుదల తగ్గుతుంది.

మరి ఎందుకు మార్చాలి? వేడికి ఆక్సిజనుతో కలిసి చిక్కబడుతుంది. మండని పెట్రోలు చేరి పల్చబడుతుంది. అందులో కలిపిన రసాయనాలు ఖర్చయిపోతాయి. నల్లబడగానే చెడిపోయిందనుకోవడం మాత్రం పొరపాటు. మసిని పట్టుకుంటోందన్నమాట! రంగును బట్టి కాదు, కిలోమీటర్లూ నెలలూ లెక్కపెట్టి మార్చాలి. ఈనాటి పెట్రోలు కార్లలో చాలావాటికి 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. మీ బండికి ఎంతో దానితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది.

ఇక నా సంగతి. 2012లో ఒక పాత మారుతి 800 కొన్నాను. ఒకచోట సర్వీసింగుకి ఇస్తే బిల్లులో ఆయిలు, ఫిల్టరు రెండూ వేశారు. ఇంటికొచ్చి వంగి చూద్దును కదా, ఫిల్టరు మీద పాత మట్టి అట్టకట్టి అలాగే ఉంది! డబ్బు పోయిందన్న బాధ కంటే మోసపోయానన్న ఉక్రోషం ఎక్కువైంది. ఇక మీదట నేనే మార్చుకుంటానని ఒట్టు పెట్టుకున్నాను.

పని పెద్ద కష్టమేమీ కాదు. ఇంజనుని కాసేపు నడిపి ఆపాలి. గోరువెచ్చని ఆయిలు బాగా దిగుతుంది. చదునైన నేల మీద హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాలకు అడ్డం పెట్టి, కారు ఎత్తి స్టాండ్ల మీద నిలపాలి. ఒక్క జాకీని నమ్మి బండి కింద దూరకూడదు. ఇది ప్రాణంతో పని. ఛాంబరు కింద బోల్టు విప్పి ఆయిలు బేసినులోకి దింపాలి. పాత ఫిల్టరు తీసి, కొత్తదాని రబ్బరు రింగుకు కాస్త ఆయిలు రాసి చేత్తోనే బిగించాలి. కొత్త వాషరుతో బోల్టు పెట్టి ఆయిలు పోయాలి. ఒక నిమిషం నడిపి, ఆపి, కాసేపాగి గేజి చూస్తే రెండు గీతల నడుమ ఉండాలి.

ఇదంతా చేశాను. కూలి కింద మూడు నాలుగు వందలు మిగిలాయని ఇంట్లో గొప్పగా చెప్పుకున్నాను కూడా. అయితే బోల్టు కారకూడదని ఒళ్ళంతా బలం పెట్టి బిగించాను. రెండవసారి మార్చినప్పుడు ఇంకా గట్టిగా! ఆ వారమే మా అమ్మనీ, ఇంటావిడనీ, పిల్లవాడినీ తీసుకుని అనకాపల్లి బయలుదేరాం. లంకెలపాలెం దాటాక పిల్లవాడు, "నాన్నా, ఎర్ర దీపం వెలిగింది" అన్నాడు. అనకాపల్లి చేరాక చూద్దాంలే అని నోటిదాకా వచ్చింది. ఎందుకో భయం వేసి వెంటనే పక్కకు తీసి ఇంజను ఆపేశాను. గేజి తీస్తే దాని కొసకి కూడా ఆయిలు అంటలేదు. ఆ దీపం ఆయిలు ఒత్తిడి లేదని చెప్పేది. ఇంకాస్త దూరం పోయి ఉంటే ఇంజను పట్టేసేది.

బండిని లాగించుకుని ఒక మేస్త్రీ దగ్గరకు చేరాం. ఆయన కిందికి చూసి, "త్రెడ్డు పోయిందండీ. బిగించడానికి బలం అక్కర్లేదు మాష్టారూ, ఎక్కడ ఆపాలో తెలియాలి" అన్నాడు. పాఠం చెప్పే నాకు పాఠం చెప్పాడు. మిగిలించుకున్న వందలకు నాలుగింతలు ఆ రోజే వదిలాయి.

ఆయనే ఇంకో ప్రశ్న అడిగాడు: "దింపిన ఆయిలు ఏం చేశారు?" చెదలు పట్టకుండా కొంత గేటు గుంజలకు పూశాను. మిగిలింది పెరటి కాలువలో పోశాను. ఆ మాట చెప్పడానికి నాకు ఇప్పటికీ సిగ్గే. వాడిన ఆయిలులో లోహపు రజను, విష పదార్థాలు ఉంటాయి. 2016 నాటి కేంద్ర నిబంధనలు దాన్ని ప్రమాదకర వ్యర్థాలలో చేర్చాయి. మళ్ళీ శుద్ధి చేయించే బాధ్యతను 2024 ఏప్రిల్ నుండి ఆయిలు తయారుచేసే వారి మీదా పెట్టారు. కాబట్టి సొంతంగా మార్చుకునేవారు దాన్ని డబ్బాలో పట్టి, శుద్ధి చేసేవారికి పంపే గ్యారేజీలో అప్పగించాలి. మన మంచినీళ్ళ బావి ఆ కాలువకు ఎంత దూరమో ఒకసారి తలచుకోండి.

మరి ఏది మేలు? వారంటీ ఉన్న కొత్త బండి అయితే కంపెనీ వారి దగ్గరే చేయించి బిల్లు దాచుకోండి. పాత బండి అయితే తెలిసినవారిని పక్కన పెట్టుకుని ఒక్కసారైనా మీ చేత్తో చేసి చూడండి. డబ్బు మిగలడం కోసం కాదు, పని తెలియడం కోసం. తెలిసినవాడిని మోసగించడం కష్టం. తెలిసినవాడే మంచి మేస్త్రీని గుర్తుపట్టి కూలి దగ్గర బేరమాడకుండా ఉంటాడు.

నా మటుకు నేను ఇప్పుడు ఆ మేస్త్రీ దగ్గరకే వెళుతున్నాను. ఆయిలు డబ్బా, ఫిల్టరు నేనే కొని తీసుకెళతాను. ఆయన పని చేస్తుంటే పక్కనే నిలబడతాను. బోల్టు బిగించేటప్పుడు మాత్రం ఆయన నావైపు చూసి నవ్వుతాడు.