ఆడుతూ లైవ్ పెడితే ఆట ఎందుకు తడబడుతుంది?

సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకు దక్కేది దాదాపు 16.7 మిల్లీసెకన్లే. లైవ్ పెడితే ఇంకో పెద్ద పని తోడవుతుంది. 1920×1080 వీడియోలో సెకనుకు పుట్టే సుమారు 300 కోట్ల బిట్లను 60 లక్షలకు కుదించి నెట్‌లోకి పంపాలి. ఆ పనంతా ప్రాసెసర్ నెత్తిన పడితే ఆట లెక్కలకు సమయం చాలదు, బొమ్మ ఆగి ఆగి కదులుతుంది.

అందుకే గ్రాఫిక్స్ కార్డు కొనేటప్పుడు వీడియోను కుదించే ఎన్‌కోడర్ అందులో ఉందో లేదో చూడండి. ఎన్విడియా 2012 నుంచి కుదింపు కోసం చిప్‌లో విడిగా ఒక భాగం పెడుతోంది, కానీ చౌక కార్డులు కొన్నింటిలో అది ఉండదు. డబ్బు ముందు ఇక్కడే పెట్టాలని గట్టిగా చెబుతాను. ర్యామ్ 16 జీబీ చాలు. 8 జీబీవి రెండు తీసుకుంటే డేటాకు రెండు దారులు దొరుకుతాయి. కంప్యూటర్‌కు రంగు దీపాలు తర్వాత చూసుకోవచ్చు. పవర్ సప్లైలో మాత్రం పొదుపు వద్దు: నాసిరకంది పాడైతే ఖరీదైన కార్డునూ కాల్చేయగలదు.