అక్రోట్ లేని కేకు – అందరికీ ఒకే ముక్క

పండుగ పూట ఇంటికి వచ్చినవారి నోరు తీపి చేసి పంపడం మన ఇళ్లలో తరతరాలుగా వస్తున్న మర్యాద. ఎంత ప్రేమగా పెట్టామన్నది చూసుకుంటాం గాని, పెట్టింది తినేవారి ఒంటికి పడుతుందా లేదా అని చాలామందిమి అడగం. పైగా ఎవరైనా వద్దంటే, “ఒక్క ముక్కకు ఏమవుతుందండీ!” అని బలవంతం చేస్తాం. ఆ ఒక్క ముక్కకు ఏమవుతుందో మాకు అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో, మా అమ్మాయి ఇంట్లో, ఒక చాక్లెట్ కేకు ముందు తెలిసివచ్చింది. అందులో తప్పు మాదే గనుక దాచుకోకుండా పాఠకుల ముందు పెడుతున్నాం.

మా నవాసాకు ఏడేళ్లు. అక్రోట్, జీడిపప్పు, పిస్తా వాడికి పడవు. డాక్టర్లు పరీక్షలు చేసి చెప్పిన మాట అది. మేము మాత్రం, “ఇవన్నీ బలానికి పెట్టే వస్తువులు, ఇవి పడకపోవడమేమిటి?” అని మనసులో అనుకునేవాళ్లం. మేము అక్కడ ఉండగా ఈద్ వచ్చింది. ఇరుగుపొరుగువారిని పిలిచాం. వారిలో ఒక పెద్దావిడ తన చేత్తో చేసిన కేకు తెచ్చారు. చుట్టూ మడతలు మడతలుగా, నడుమ రంధ్రంతో పెద్ద గాజులాంటి కేకు. కోస్తే ప్రతి ముక్క మధ్యలోనూ చాక్లెట్ వేడి హల్వాలా మెత్తగా జారుతోంది. “ఇది మా హ్యూస్టన్ పేరు నిలబెట్టిన కేకు. ఇందులో అక్రోట్ ఉంది, పిల్లవాడికి పెట్టకండి” అని ఆవిడ గుమ్మంలోనే చెప్పారు.

పిల్లవాడు దూరంగా నిలబడి చూస్తున్నాడు. మా అమ్మాయి వంటింట్లో ఉంది. వాడు మెల్లగా మా పక్కకు వచ్చి, “నానా, నేను తినొచ్చా?” అన్నాడు. మా మనసు ఆగలేదు. అంచుల్లోని అక్రోట్ ముక్కలు పక్కకు తోసి, మధ్యలోని మెత్తని చాక్లెట్ ఒక చెంచా తీసి, “ఇక్కడ అక్రోట్ లేదు, తిను” అన్నాం. పది నిమిషాలు గడవలేదు. పెదవులు వాచాయి, ఒళ్లంతా దద్దుర్లు, దగ్గు, ఆయాసం. అమ్మాయి పరుగున వచ్చి ఎప్పుడూ దగ్గర ఉంచుకునే ఎడ్రినలిన్ సూదిని వాడి తొడకు గుచ్చింది. అంబులెన్సు వచ్చింది. ఆ పగలంతా ఆస్పత్రిలో గడిచింది. అల్లాహ్ దయవల్ల పిల్లవాడు రాత్రికి ఇంటికి వచ్చాడు. అమ్మాయి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే మాకు కొంత తేలికయ్యేది.

మంచం మీద పడుకుని వాడు అడిగింది ఒక్కటే: “నానా, అక్రోట్ లేకుండా ఆ కేకు చేయలేరా?”

ముప్పై ఏళ్లుగా పిల్లల ప్రశ్నలకు జవాబులు చెబుతున్న మాకు దీనికి జవాబు తెలియదు. తెలుసుకోవాలనుకున్నాం.

కేకు వెనుక కథ

ఆ కేకు పేరు ‘టన్నెల్ ఆఫ్ ఫడ్జ్’, అంటే లోపల చాక్లెట్ సొరంగం ఉన్న కేకు అన్నమాట. దాని అచ్చును ‘బండ్ట్ పాన్’ అంటారు. మిన్నియాపొలిస్ ప్రాంతంలో డేవిడ్ డాల్‌క్విస్ట్, ఆయన భార్య డొరొథీ కలిసి 1946లో నార్డిక్ వేర్ అనే పాత్రల కంపెనీ పెట్టారు. 1950లో ఆ నగరంలోని హదస్సా అనే యూదు మహిళా సంఘం సభ్యులు కొందరు ఆయనను కలిసి, తమ పెద్దలు ఐరోపాలో వాడిన బరువైన అచ్చులాంటిది చేసిపెట్టమని కోరారు. ఆయన దానిని అల్యూమినియంతో పోత పోశారు. జర్మన్ భాషలో ‘బుండ్’ అంటే కూడిక, కట్టు అని అర్థాలున్నాయి. నలుగురూ కూడినప్పుడు చేసుకునే కేకు కనుక ఆ పేరు వచ్చిందని చెబుతారు. చివర ఒక ‘ట్’ చేర్చి డాల్‌క్విస్ట్ దానిని తమ కంపెనీ ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకున్నారు.

చాలా ఏళ్లు ఆ అచ్చును అడిగిన నాథుడు లేడు. 1966లో పిల్స్‌బరీ అనే పిండి కంపెనీ జరిపిన వంటల పోటీలో హ్యూస్టన్‌కు చెందిన ఎల్లా హెల్ఫ్రిచ్ అనే గృహిణి ఈ కేకు చేసి రెండో బహుమతిగా 5,000 డాలర్లు గెలుచుకున్నారు. మొదటి బహుమతి దేనికి వచ్చిందో నేడు గుర్తున్నవారు అరుదు. రెండో బహుమతి కేకు మాత్రం దేశమంతటా మారుమోగింది. ఆ అచ్చు ఎక్కడ దొరుకుతుందని అడుగుతూ పిల్స్‌బరీకి రెండు లక్షలకు పైగా ఉత్తరాలు వచ్చాయి. పాత్రల కంపెనీ రాత్రింబవళ్లు పనిచేయవలసి వచ్చింది.

అక్రోట్ ఎందుకు తప్పదన్నారు?

ఈ కేకు తయారీ విధానంలో ఒక హెచ్చరిక ఉంటుంది: అక్రోట్ వేయకపోతే కేకు కుదరదని. కొలతలు చూస్తే కారణం తెలుస్తుంది. 1¾ కప్పుల వెన్న, 1¾ కప్పుల పంచదార, అది చాలక మరో 2 కప్పుల పొడి పంచదార, 6 గుడ్లు, 2¼ కప్పుల మైదా, ¾ కప్పు కోకో, 2 కప్పుల అక్రోట్. బేకింగ్ పౌడర్ గాని, సోడా గాని లేవు.

ఇంత పంచదార పడినప్పుడు అది పిండిలోని తడిని తన దగ్గరే పట్టి ఉంచుతుంది. మైదా, గుడ్డు గట్టిపడటానికి మామూలు కంటే ఎక్కువ వేడి కావలసి వస్తుంది. బండ్ట్ అచ్చులో వేడి బయటి గోడ నుంచి, నడుమ గొట్టం నుంచి కూడా వస్తుంది. కాబట్టి ఆ రెండు అంచులూ ముందు ఉడుకుతాయి. రెండింటికీ దూరంగా ఉన్న నడిమి పిండి ఉడకకముందే కేకును బయటికి తీస్తారు. ఆ ఉడకని పిండే సొరంగం. మరి లోపల జారుతుంటే పైగోడలు కూలకుండా నిలబెట్టేదెవరు? కాంక్రీటులో కంకర చేసే పనిని ఇక్కడ అక్రోట్ ముక్కలు చేస్తాయి.

పాఠకులు గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. హెల్ఫ్రిచ్ గారు మొదట చేసిన కేకులో కోకో, పొడి పంచదార లేవు. వాటికి బదులు పిల్స్‌బరీ అమ్మిన ఒక చాక్లెట్ పూత పొడి వాడారు. తర్వాతి కాలంలో కంపెనీ ఆ పొడిని అమ్మడం మానేసింది. అప్పుడు కొలతలు మార్చి, కోకో, పొడి పంచదార చేర్చి కేకును మళ్లీ నిలబెట్టారు. దుకాణంలో ఒక పొట్లం దొరకనందుకు మారగలిగిన వంట, ఒక పిల్లవాడి ప్రాణం కోసం మారలేదా? అమ్మాయితో ఈ మాటే అన్నాం. ఆమె నవ్వి, “సరే అబ్బా, చేద్దాం రండి” అంది. అంతవరకు మేము టీ తప్ప మరేదీ కాచి ఎరుగం.

మొదటిసారి పాత కొలతలే తీసుకుని అక్రోట్ ఒక్కటీ మానేశాం. హెచ్చరిక నిజమేనని రుజువైంది. పళ్లెంలోకి బోర్లించగానే కేకు ఒక పక్క చీలి, చాక్లెట్ బల్ల మీదికి కారింది. అప్పుడు మాకు ఒక ఆలోచన తట్టింది. గోడగా నిలబడటం, లోపల జారటం అనే రెండు పనులూ ఒకే పిండికి అప్పగించడం వల్లనే కదా కంకర అవసరమైంది? కేకును కేకుగా పూర్తిగా ఉడికించి, లోపలి చాక్లెట్ వేరుగా చేసి నింపితే అక్రోట్‌తో పనే లేదు. ఇందులో మరో రెండు లాభాలున్నాయి. పాత పద్ధతిలో పుల్ల గుచ్చి ఉడికిందో లేదో చూడటం కుదరదు, ఇందులో కుదురుతుంది. సగం ఉడికిన గుడ్డు, మైదా పిల్లల కడుపులోకి, వృద్ధుల కడుపులోకి వెళ్లే భయమూ ఉండదు.

చేసే విధానం

కప్పు అంటే 240 మిల్లీలీటర్లు. మైదా 250 గ్రాములు, కోకో 75 గ్రాములు, పంచదార 350 గ్రాములు, వంటసోడా ఒకటిన్నర చిన్న చెంచాలు, బేకింగ్ పౌడర్ ఒక చిన్న చెంచా, ఉప్పు అర చెంచా కలిపి జల్లించాలి. వేరే గిన్నెలో 3 గుడ్లు, ఒక కప్పు చిక్కని పెరుగు, ¾ కప్పు వాసన లేని నూనె గిలకొట్టి, జల్లించిన పొడిలో కలపాలి. చివరగా ¾ కప్పు వేడి నీళ్లు పోసి ఉండలు లేకుండా కలిపితే పిండి పలుచగా జారుతుంది. భయపడనక్కరలేదు, అది అలాగే ఉండాలి. నీళ్లకు బదులు పాలు కలపని కాఫీ డికాక్షన్ పోస్తే చాక్లెట్ రుచి పెరుగుతుంది. వెనిలా ఎక్‌స్ట్రాక్ట్ వేయాలా అని మన పాఠకులు తప్పక అడుగుతారు. అమెరికా నిబంధనల ప్రకారం దానిలో కనీసం 35 శాతం ఆల్కహాల్ ఉంటుంది. ఈ కేకుకు అది అవసరమే లేదు.

10 నుంచి 12 కప్పులు పట్టే బండ్ట్ అచ్చులో ప్రతి మడతకూ వెన్న పూసి, మైదాకు బదులు కోకో చల్లాలి. అప్పుడు కేకు మీద తెల్లని మచ్చలు పడవు. ముందే వేడెక్కిన ఓవెన్‌లో 175 డిగ్రీల సెల్సియస్ వద్ద 45 నుంచి 55 నిమిషాలు ఉంచాలి. గుచ్చిన పుల్ల శుభ్రంగా రావాలి. తీసిన 15 నిమిషాలకు బోర్లించి, పూర్తిగా చల్లారనివ్వాలి. ఇక్కడ తొందర పనికిరాదు. వేడి కేకును తవ్వితే పొడిపొడి అవుతుంది.

చల్లారిన కేకును కడిగి తుడిచిన అదే అచ్చులో మళ్లీ పెట్టాలి. అడుగుభాగం పైకి వస్తుంది. బయటి అంచు నుంచి, లోపలి అంచు నుంచి రెండున్నర సెంటీమీటర్లు వదిలి, మధ్యలో చుట్టూతా చాకుతో గీసి, చెంచాతో మూడు సెంటీమీటర్ల లోతు కాలువ తీయాలి. తీసిన ముక్కల్లో పైపొరను మూతకు దాచుకోవాలి. 240 మిల్లీలీటర్ల క్రీమును పొంగు రానీయకుండా వేడి చేసి, తరిగిన 200 గ్రాముల డార్క్ చాక్లెట్ మీద పోసి, రెండు నిమిషాలు ఆగి నునుపుగా కలపాలి. గోరువెచ్చగా అయ్యాక కాలువలో పోసి, దాచిన ముక్కలతో కప్పి, గంటసేపు కదపకూడదు. తర్వాత పళ్లెం మూసి బోర్లిస్తే సరి. అదే రోజు తింటే మధ్యభాగం మెత్తగా జారుతుంది. మిగిలినది ఫ్రిజ్‌లో పెడితే చాక్లెట్ గట్టిపడుతుంది. కోసిన ముక్కను కాస్త వెచ్చచేస్తే మళ్లీ మెత్తబడుతుంది.

వంటకు ముందు చేయవలసిన పని

అక్రోట్ మానేసినంత మాత్రాన కేకు నిరపాయం కాదు. మా చెంచాలో అక్రోట్ ముక్క లేదు, అయినా పిల్లవాడు ఆస్పత్రి పాలయ్యాడు. హాని చేసేది అందులోని మాంసకృత్తు. అది పిండిలో కలిసిపోయి కంటికి కనబడదు, ఓవెన్ వేడికి నశించిపోతుందని నమ్మడానికీ లేదు. పైన ఉన్నవి ఏరివేస్తే చాలనుకోవడం మేము చేసిన పొరపాటు.

బండ్ట్ అచ్చు మడతల్లో పాత కేకు పొడి ఇరుక్కుని ఉంటుంది. అక్రోట్ కేకు చేసిన అచ్చును వేడినీళ్లు, సబ్బుతో ప్రతి మడతా రుద్ది కడగాలి. అలర్జీ ఉన్న పిల్లలుంటే వేరే అచ్చు ఉంచుకోవడం ఇంకా మేలు. గరిటె, జల్లెడ, చాకు సంగతీ అంతే.

చాక్లెట్, కోకో కొనేటప్పుడు పొట్లం వెనుక చదవాలి. అమెరికాలో 2004లో చేసిన చట్టం 2006 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం వేరుశనగ, అక్రోట్ వంటి నట్స్ కలిపితే ఆ సంగతి పొట్లం మీద రాయాలి. మన దేశంలోనూ 2020 నాటి లేబుల్ నిబంధనలు ఆ మాటే చెబుతున్నాయి. అయితే ‘నట్స్ ఉండవచ్చు’ అన్న హెచ్చరిక అమెరికాలో కంపెనీలు ఇష్టపడి రాసేదే, చట్టం విధించినది కాదు. ఒకే యంత్రం మీద బాదం చాక్లెట్, మామూలు చాక్లెట్ రెండూ తయారుకావచ్చు. కనుక హెచ్చరిక లేకపోవడం అభయం కాదు. అనుమానముంటే కంపెనీని అడిగి తెలుసుకోవాలి. ఏది పడుతుంది, ఏది పడదు అన్నది డాక్టరు చెప్పాలి, ఇంటి పెద్దలు తేల్చకూడదు. ఈ చివరి మాట మాకు మేము చెప్పుకుంటున్నది.

మేము తిరిగి రావడానికి వారం ముందు ఆ పొరుగు పెద్దావిడను మళ్లీ పిలిచాం. కేకు కోసింది మా నవాసా. ఆవిడకు ఇచ్చిన ముక్కా, వాడు తీసుకున్న ముక్కా ఒక్క కేకులోవే. వాడు చెంచా ఎత్తి నోటిదాకా తెచ్చి ఆగి, తల్లి వైపు చూశాడు. ఆమె తల ఊపాకే తిన్నాడు. మా వైపు చూడలేదు. అది వాడు నేర్చుకున్న జాగ్రత్త, మేము పోగొట్టుకున్న నమ్మకం. ఆ నమ్మకం తిరిగి రావడానికి ఒక్క కేకు చాలదని మాకు తెలుసు.

పాఠకులారా! బాదం, పిస్తా, చారపప్పు లేని షీర్ ఖుర్మా మన ఊళ్లలో కనబడదు. ఇకమీదట పండుగకు పిలిచేటప్పుడే, “పిల్లలకు పడనిదేమైనా ఉందా?” అని ఒక్క మాట అడగండి. ఉందంటే వేరే గిన్నెలో, వేరే గరిటెతో చేయండి. వీలైతే అందరికీ అదే చేయండి. ఎవరైనా వద్దంటే, “ఒక్క చెంచాకు ఏమవుతుంది” అనకండి. మేము అన్నాం.