వెన్నుపాము ఇరుకున పడినప్పుడు

మెదడు అడుగునుండి నడుము పైభాగము వరకు, వెన్నెముక నడిమి కాలువలో పండుకొనియుండు నరముల త్రాటికి తెలుగువారు వెన్నుపాము అని పేరిడిరి. పోలిక చక్కగా కుదిరినది. చిటికెన వ్రేలంత లావు, సుమారు 45 సెంటీమీటర్ల పొడవు. కాళ్లు కదలుటకు, స్పర్శ తెలియుటకు, మలమూత్రములు అదుపులో నుండుటకు వలసిన వార్తలన్నియు ఈ త్రోవనే నడచును. చుట్టునున్న ఎముక గోడ దానికి రక్ష. కాని లోపల ఏదైన పెరిగినచో ఆ గోడయే శత్రువగును, తప్పించుకొన చోటుండదు.

రొమ్మున, ఊపిరితిత్తులలో, ప్రోస్టేటు గ్రంథిలో పుట్టిన క్యాన్సరు రక్తముతో బాటు పయనించి వెన్నుపూసలలో కాపురము పెట్టుట కద్దు. వెన్నెముక చుట్టునున్న సిరలకు కవాటములు లేవు. దగ్గినను ముక్కినను అందలి రక్తము దారి మరలగలదు. ప్రోస్టేటు క్యాన్సరు వెన్నునే ఏల వెదకికొనునో 1940లో బాట్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఈ సిరల వలననే వివరించెను.

పూసలోని కంతి కాలువలోనికి చొచ్చి పామును నొక్కును. లేదా గుల్లబారిన పూసయే కూలి నొక్కును. రక్తస్రావము అరుదు, కాని క్రూరము. నెత్తురు గడ్డకట్టుటకు తోడ్పడు ప్లేట్‌లెట్లు తగ్గినవారికి, రక్తమును పలుచన చేయు మందులు వాడువారికి, మూత్రపిండపు క్యాన్సరు వంటి రక్తనాళములు మెండైన కంతులు గలవారికి ఆ ముప్పు హెచ్చు. కంతి వారములలో చేయు పనిని నెత్తురుగడ్డ గంటలలో చేయగలదు.

అయితే కంతి సాధారణముగా చెప్పకుండ రాదు. ముందు నొప్పి వచ్చును. పండుకొన్నప్పుడు హెచ్చును, తుమ్మినప్పుడు పోటెత్తును, ఒక్కొక్కప్పుడు ఛాతీ చుట్టు పట్టీ బిగించినట్లుండును. నడుము నొప్పి యెరుగని ఇల్లేది? అందుచేతనే, మునుపు క్యాన్సరు సోకినవారి నొప్పిని కూడ తైలముతో మర్దించి ఊరకుందురు. కాళ్లు తేలిపోయి, మూత్రము బిగిసిన పిమ్మట ఆసుపత్రికి పరుగెత్తుదురు.

అచట ఎం.ఆర్.ఐ. చిత్రము తీసి, వాపు తగ్గుటకు డెక్సామెథాసోన్ ఇచ్చి, రేడియేషనో శస్త్రచికిత్సయో నిర్ణయింతురు. 2005లో పాచెల్ బృందము 101 మంది రోగులపై జరిపిన పరీక్ష ఫలితములను లాన్సెట్ పత్రికలో ప్రకటించినది. శస్త్రచికిత్స చేసి పిదప రేడియేషన్ ఇచ్చినవారిలో నూటికి 84 మంది, రేడియేషన్ మాత్రమే పొందినవారిలో 57 మంది చికిత్సానంతరము నడువగలిగిరి. నడక పోయిన తరువాత వచ్చినవారు ఇరుపక్షముల 16 మంది చొప్పున నుండిరి. మొదటి పక్షమున 10 మంది, రెండవ పక్షమున 3 మంది మాత్రమే మరల నడచిరి. కాళ్లు పూర్తిగా పడిపోయి 48 గంటలు దాటినవారిని ఆ పరీక్షలో చేర్చుకొననే లేదు.