వకీలు – స్థలాల బేరం

తెలుగుదేశంలో వకీలుకూ భూమికీ ఉన్న చుట్టరికం పాతది. పొలం గట్టు, ఇంటి గోడ, అన్నదమ్ముల వాటా – ఈ మూడూ లేకపోతే మన సివిలు కోర్టులు సగం బోసిపోతాయి. దస్తావేజుల మర్మం అంతగా ఎరిగినవాడు ఆ స్థలాలను తానే అమ్మించిపెడితే తప్పేమిటన్న ప్రశ్న అందుచేత సహజంగానే పుడుతుంది. న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకొని, సీనియరు వెంట కాగితాలు మోస్తూ, తన పేర ఒక్క వకాల్తా కోసం ఎదురుచూసే యువకునికి ఇది ఉబుసుపోక ప్రశ్న కాదు. తోటి స్నేహితుడు ఒక్క ప్లాటు అమ్మించి తీసుకున్న కమీషను అతని ఏడాది రాబడిని మించిపోవచ్చు.

మన దేశంలో దీనికి సమాధానం స్పష్టంగానే ఉన్నది. 1961 నాటి అడ్వకేట్ల చట్టం క్రింద భారత బార్ కౌన్సిల్ చేసిన నియమాలలో 47వది, అడ్వకేటు స్వయంగా ఏ వ్యాపారమూ చేయరాదంటున్నది. నిర్వహణలో జోక్యం లేకుండా పెట్టుబడి పెట్టిన భాగస్వామిగా మాత్రం ఉండవచ్చును. ఆ వ్యాపారం వృత్తి గౌరవానికి తగనిది కాదని రాష్ట్ర బార్ కౌన్సిల్ భావించాలి. కంపెనీలో డైరెక్టరు కావచ్చును గాని మేనేజింగ్ డైరెక్టరు కారాదు. ఇక స్థలం చూపడం, ధర కుదర్చడం, బయానా ఇప్పించడం, కమీషను పుచ్చుకోవడం – ఇవన్నీ స్వయంగా చేయవలసిన పనులే గదా! నియమం మీరినట్లు రుజువైతే క్రమశిక్షణ సంఘం మందలించవచ్చును, కొంతకాలం ప్రాక్టీసు నిలిపివేయవచ్చును, పట్టిక నుండి పేరే తొలగించవచ్చును.

అయితే వకీలు మరే పనీ చేయరాదని దీని అర్థం కాదు. అదే నియమావళి పత్రికారచనను, బోధనను, ఉపన్యాసాలను, చివరకు రేడియో ప్రసంగాలను కూడా అనుమతించింది. మా స్టూడియోకు వచ్చి చట్టాలు వివరించే వకీళ్లు నిశ్చింతగా ఉండవచ్చును! వైద్యవృత్తిలో ఉన్న ఒక శస్త్రచికిత్స నిపుణుడు న్యాయశాస్త్రం చదివి, రెండు వృత్తులూ కలిపి సాగిస్తానన్నప్పుడు మాత్రం మహారాష్ట్ర – గోవా బార్ కౌన్సిల్ కాదన్నది. 1996లో సుప్రీంకోర్టు ఆ నిరాకరణను సమర్థించింది. వైద్యం గౌరవప్రదమైన వృత్తి కాదని ఎవరూ అనలేదు. న్యాయవాదం మనిషి దృష్టిని పూర్తిగా కోరుతుందన్నది అక్కడి మాట.

స్థలాల బేరం విషయంలో అంతకంటె బలమైన కారణం ఒకటున్నది. దాన్ని ఒక ఉదాహరణతో చూద్దాం. ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయుడొకరు ప్రావిడెంటు ఫండు సొమ్ముతో ఊరి చివర స్థలం కొనదలచారనుకోండి. అమ్మేవారు అన్నదమ్ములిద్దరు, అది పిత్రార్జితం. లింకు డాక్యుమెంట్లు వరుసగా ఉన్నవి. ముప్ఫై ఏళ్ల ఇ.సి. తీయిస్తే తనఖా గాని, వేరే విక్రయం గాని కనబడలేదు. అంతా సవ్యమే అనిపిస్తుంది. కాని ఆ అన్నదమ్ములకు ఒక అక్కగారున్నారు. ఆమె పేరు ఏ కాగితంలోనూ లేదు. రిజిస్టరైన లావాదేవీలనే ఇ.సి. చెబుతుంది, పుట్టుకతో వచ్చిన హక్కును అది చెప్పదు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుండి, నాటికి వివాహం కాని కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఏర్పడింది. 2005లో కేంద్ర శాసనం వివాహంతో నిమిత్తం లేకుండా కుమార్తెలకు ఆ హక్కు కల్పించింది. కనుక వంశవృక్షం అడిగి, అక్కగారి సంగతి తెలుసుకొని, “ఆమె సంతకం లేనిదే బయానా ఇవ్వకండి మాస్టారూ” అని చెప్పగలవాడు కావాలి.

ఆ మాట చెప్పినందుకు వకీలుకు నష్టమేమీ లేదు. కాగితాలు చూసినందుకు రుసుము ముట్టుతుంది, బేరం కుదిరినా చెడినా. మధ్యవర్తి స్థితి వేరు. రిజిస్ట్రేషను జరిగితేనే అతనికి కూలి. అతడు దుర్మార్గుడు కానక్కరలేదు. ఎంత మంచివాడైనా “అక్కగారు ఎప్పుడో అమెరికా వెళ్లిపోయారు, ఆమె అడగరు లెండి” అని తనకు తాను నచ్చజెప్పుకోవడానికి ఆ కమీషను చాలును. ఒకే మనిషి రెండు పీఠాల మీదా కూర్చుంటే, మాస్టారు ఎవరి సలహా విన్నట్లు? వ్యాజ్యం ఫలితాన్ని బట్టి రుసుము మాట్లాడుకోరాదనీ, తనకు ధనలాభం ముడిపడిన వ్యవహారంలో వాదించరాదనీ వకీళ్ల నియమాలు వేరుగా చెప్పడంలో ఉద్దేశమిదే. పైగా కక్షిదారు చెప్పిన రహస్యానికి 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం రక్షణ కల్పించింది. దళారితో చెప్పుకున్న మాటకు ఆ రక్షణ లేదు.

అన్ని దేశాలలోనూ ఇదే పద్ధతి అనుకోరాదు. స్కాట్లండులో ఇళ్లు అమ్మిపెట్టడం సొలిసిటర్లకు పరిపాటి. ఎడిన్‌బరో సొలిసిటర్లు 1971లో ఇందుకోసం ఉమ్మడి కేంద్రాన్నే నెలకొల్పుకొన్నారు. న్యూయార్కు రాష్ట్రంలో అటార్నీకి బ్రోకరు లైసెన్సు విడిగా అక్కరలేదు. అయినా ఒకే బేరంలో అటు బ్రోకరుగా కమీషను, ఇటు అటార్నీగా రుసుము తీసుకోవడం తగదని అక్కడి న్యాయవాదుల సంఘం చెబుతూ వచ్చింది. తలుపు తెరిచినచోట కూడా ఈ గడప దాటనీయలేదన్నమాట.

మన దేశంలో మధ్యవర్తిత్వం ఇప్పుడు అరుగు మీది వ్యవహారం కాదు. 2016 నాటి రెరా చట్టం ప్రకారం నమోదు కావలసిన ప్రాజెక్టులలో ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మించే ఏజెంటు తానూ నమోదు చేయించుకోవాలి. లేకుంటే రోజుకు పదివేల రూపాయల వంతున జరిమానా పడవచ్చును. అది ప్రత్యేకమైన వృత్తి. ఆ వృత్తి మీద మనసు పడిన వకీలుకు దారి మూయలేదు. రాష్ట్ర బార్ కౌన్సిలుకు తెలిపి ప్రాక్టీసును స్వచ్ఛందంగా నిలుపుకొని, నల్లకోటు విప్పి ఆ పని చేసుకోవచ్చును. చట్టం తెలిసిన ఏజెంటు వలన కొనేవారికి మేలే. ఆయన ఇచ్చేది లీగల్ ఒపీనియన్ కాదన్నది మాత్రం ఉభయులకూ తెలిసి ఉండాలి.

ఇల్లు కొనేవారికి మరొక సంగతి. బ్యాంకు అప్పు మంజూరైతే టైటిలు సవ్యంగా ఉన్నట్లేనని చాలామంది ధీమా పడతారు. ఆ ఒపీనియన్ రాసిన వకీలు బ్యాంకుకు వకీలు. బ్యాంకు సొమ్ముకు భద్రత ఉన్నదా అన్నదే ఆయన చూసేది. ఏజెంటు “మా వకీలుగారే చూసిపెడతారు” అన్నప్పుడూ ఆ రుసుము ఎవరిస్తున్నారో అడిగి తెలుసుకొని, మీరే ఇచ్చి మీ వకీలును పెట్టుకోండి.